క్రే-1: నాలుగడుగులు దాటని వైరు కథ

కాలేజీలో నేను చేసిన ఒక సర్క్యూట్ ఊరికే తప్పు లెక్క చూపించేది. ఒక పల్స్ పంపితే రెండు వచ్చాయనేది. రెండు రోజులు చిప్‌ని తిట్టుకున్నా. తీరా చూస్తే తప్పు నేను వేసిన పొడుగాటి వైరుది!

ఖాళీ బావిలోకి అరిస్తే మన గొంతే మనకి తిరిగొస్తుంది కదా. వేగంగా మారే సిగ్నల్ కూడా అంతే. వైరు చివర దాన్ని మింగేది ఏదీ లేకపోతే వెనక్కి తిరిగొస్తుంది. చిప్ దాన్ని ఇంకో సిగ్నల్ అనుకుంటుంది. అందుకే వైరుకి సరిపోయే రెసిస్టర్‌ని చివర్లో పెడతారు. దాన్నే టెర్మినేషన్ అంటారు.

ఈ సంగతిని చాలా సీరియస్‌గా తీసుకున్న మనిషి సేమోర్ క్రే. ఆయన డిజైన్ చేసిన క్రే-1 సూపర్ కంప్యూటర్, 1976లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌కి వెళ్లింది. దాని గడియారం సెకనుకి 8 కోట్ల సార్లు కొట్టుకునేది. అంటే ఒక్కో టిక్కుకి 12.5 నానోసెకన్లే. వైరులో సిగ్నల్ ఒక నానోసెకన్‌కి సుమారు 20 సెంటీమీటర్లే వెళ్తుంది. నాలుగడుగుల వైరు దాటేసరికే సగం టిక్కు అయిపోతుంది!

అందుకే ఏ వైరూ నాలుగడుగులు దాటకూడదని క్రే పట్టుబట్టాడు. ఆ మెషీన్ ఇంగ్లిష్ 'సి' అక్షరంలా వంగి ఉండేది స్టైల్ కోసం కాదు, లోపలి వైపు వైర్లు పొట్టిగా ఉండాలని. ప్రతి సిగ్నల్‌కీ మెలేసిన రెండు వైర్లు ఉండేవి. ఒకదాంట్లో వోల్టేజీ పెరిగితే రెండోదాంట్లో తగ్గేది. దాంతో కరెంటు వాడకం నిలకడగా ఉండి, గోల తగ్గేది. సిగ్నల్ సరైన టైముకి చేరేలా వైర్లని కొలిచి మరీ కత్తిరించేవారు.

అలా మొత్తం సుమారు 60 మైళ్ల వైరు! విస్కాన్సిన్‌లోని చిప్పెవా ఫాల్స్‌లో దాన్నంతా చేత్తోనే కలిపారు. ఆ పని చేసింది ఎక్కువగా మహిళలే. పేరు క్రేది, కానీ లెక్క తప్పకుండా చూసింది ఆ చేతులు కూడా.

ఇప్పుడు మెమరీ చిప్‌ల లోపలే టెర్మినేషన్ వచ్చేసింది. సర్క్యూట్ బోర్డు మీద పాములా మెలికలు తిరిగిన గీతలు ఎప్పుడైనా చూశారా? అవి కూడా సిగ్నల్స్ అన్నీ ఒకే టైముకి చేరాలని కావాలనే వేసినవే. పద్ధతి మారింది, సూత్రం మాత్రం అదే: స్పీడ్ పెరిగితే వైరు కూడా కంప్యూటర్‌లో భాగమే.

కాబట్టి ఈసారి మీ సర్క్యూట్ మొరాయిస్తే, చిప్‌ని తిట్టే ముందు వైరు వంక ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!