ఒంటిమనిషి కోటా

తెలుగునాట పేదల బియ్యం ఊసెత్తితే అందరూ ఎన్టీ రామారావు దగ్గరే మొదలుపెడతారు. అంతకుముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకే ఇస్తామని ప్రకటించింది. 1983 ఎన్నికల్లో జనం పది పైసలు ఎక్కువ చెప్పినాయన్నే నమ్మారు. ఆ తర్వాత ధర మూడున్నరకు పోయింది, రెండుకు దిగింది, మళ్లీ పెరిగి ఐదూపావలా దాకా ఎక్కింది. 2008లో రెండు రూపాయలు, 2011లో రూపాయి, 2023 నుంచి ఉచితం.

ఎన్నికల సభల్లో మోగిందంతా ఈ ధరే. కాటా దగ్గర మాత్రం ఎన్ని కిలోలన్నదే అసలు సంగతి. రామారావు రెండు రూపాయల పథకంలో తలకు ఐదు కిలోలు, ఇంటికి మహా అయితే ఇరవై అయిదు. పిల్లాపాపలున్న ఇంటికి సరిపెట్టుకోవచ్చు. కొడుకులు వేరుపడ్డాక ఒంటిగా మిగిలిన ముసలమ్మకు ఐదు కిలోలు ఏ మూలకు?

కేంద్రం ముసలివాళ్లకంటూ విడిగా గింజలు కేటాయించింది 2000 ఏప్రిల్‌లో, అన్నపూర్ణ పేరుతో. అరవై అయిదేళ్లు దాటినవారికి నెలకు పది కిలోలు, ఉచితంగా. అందులో ఓ మెలిక ఉంది: వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉండి, అది అందనివారికే ఈ గింజలు. అప్పట్లో కేంద్రమిచ్చే పింఛను నెలకు 75 రూపాయలు. అది చేతికొస్తే బియ్యం కొనుక్కుని, మందులూ కొనుక్కుని బతకొచ్చని ఢిల్లీలో ఎవరు లెక్కగట్టారో!

అదే ఏడాది డిసెంబరులో నిరుపేదల కోసం వచ్చిన అంత్యోదయ పథకం ఈ తలల లెక్కను పక్కనపెట్టింది. ఇంట్లో ఎందరున్నా 25 కిలోలు, 2002 నుంచి 35. ఆసరా లేని వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ఈ కార్డులివ్వాలని 2003 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నన్నడిగితే ముసలివాళ్లకు రెండు రూపాయల బియ్యం కన్నా ఇదే పెద్ద మలుపు. 2013 ఆహార భద్రతా చట్టం అంత్యోదయకు 35 కిలోలు అలాగే ఉంచి, మిగతా పేదలకు తలకు ఐదు చేసింది. తెలంగాణ 2015లోనే దాన్ని ఆరుకు పెంచింది.

అదే కాలంలో రేషను డీలరు బల్ల మీదికి వేలిముద్ర చూసే ఈ-పాస్ యంత్రం చేరింది. దొంగ కార్డుల బెడద తగ్గించడానికి తెచ్చిన యంత్రమే నాట్లువేసి, అంట్లుతోమి అరిగిన వేళ్లను గుర్తుపట్టనని మొరాయించింది. బొటనవేలు కొంగుతో తుడిచి పెట్టు, చూపుడువేలు పెట్టు, కాకపోతే రేపు రా. ఐరిస్, ఓటీపీ దారులు చూపారు గానీ, సొంత ఫోను లేని మనిషికి ఓటీపీ ఎక్కడికొస్తుంది?

ఆంధ్రప్రదేశ్ 2021లో బళ్లతో బియ్యాన్ని వీధి వీధికీ పంపింది. 2025 జూన్‌లో ఆ బళ్లు ఆపేసి, మళ్లీ దుకాణానికే రమ్మంది. అరవై అయిదేళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు మాత్రం డీలరే ఇంటికి తెచ్చివ్వాలంది. అదే ఏడు ఉగాదికి తెలంగాణ సన్నబియ్యం మొదలుపెట్టింది. పళ్లూడిన నోళ్లకు అది మేలే. అంత్యోదయ కార్డు లేని ఒంటిమనిషికి మాత్రం ఆ సన్నబియ్యమైనా తూచేది ఆరు కిలోలే.