కంటి వెనక వాపు, వేలూరు దారి

రైలు కథలు చాలు, ఆస్పత్రి కథ ఒకటి రాయమని కొందరు అడిగినారు. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

రాబర్ట్‌సన్‌పేటలో తలనొప్పి వస్తే మన ఇండ్లలో మొదట తీసేది అమృతాంజనం. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే, ఆ కథ ఇంకోసారి. రెండోది కండ్లద్దాల అంగడి. మా బంధువుల బిడ్డ, ఇరవై రెండేండ్లది, ఆరు నెలలు ఇట్లే తిరిగింది. లేస్తూనే తలనొప్పి, వంగి లేస్తే రెండు క్షణాలు చూపు మసక, చెవిలో హోరు. అంగడిలో రెండుసార్లు అద్దాలు మార్చినారు. చివరికి ఒక డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి లోపల చూసింది. అద్దాలు రాయలేదు, వేలూరుకు చీటీ రాసింది.

ఆమె చూసింది కంటినరం కంట్లోకి వచ్చే చోట వాపు. మెదడు చుట్టూ నీరుంటుంది, పెద్దవాళ్ళకు సుమారు 150 మిల్లీలీటర్లు. మెదడు మీది పొరలే కంటినరాన్ని కూడా కప్పుకుని వస్తాయి. పుర్రెలో ఒత్తిడి పెరిగితే ఆ పొరల వెంబడి కంటి దాకా వచ్చి నరం మొదలు ఉబ్బుతుంది. గనిలో రాయి మీద ఒత్తిడి ఎక్కువైతే ఏమయ్యేదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మోసం ఎక్కడంటే, తొలి రోజుల్లో బోర్డు మీది అక్షరాలు బాగానే కనబడొచ్చు. పక్కచూపు మెల్లగా పోతుంది.

బతికున్న మనిషి కంటి లోపలిని చూపే అద్దం 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ లోకానికి చెప్పినాడు. 1860లో బెర్లిన్‌లో ఫాన్ గ్రేఫె, మెదడులో గడ్డ ఉన్నవాళ్ళ కండ్లలో ఈ వాపును చూసి రాసినాడు. జాన్ టేలర్ కంపెనీ మన కోలారుకు వచ్చింది 1880లో, అంటే అప్పటికే ఇది పుస్తకాల్లో ఉంది. 1891లో క్వింకె వెన్నులో సూది వేసి నీరు తీయడం చూపించినాడు. గడ్డ లేకుండానే ఒత్తిడి పెరిగిన 22 మందిని గురించి 1937లో అమెరికాలో డాండీ రాసినాడు. మా బంధువుల బిడ్డది ఈ రకమే.

ఇక్కడ మాత్రం ఆలస్యం. వేలూరు సీఎంసీలో జేకబ్ చాండీ మెదడు ఆపరేషన్ల విభాగం పెట్టింది 1949లో, దేశంలో అదే మొదటిది. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆస్పత్రిలో రామమూర్తిగారు మొదలుపెట్టినారు. స్కాన్ యంత్రంలో తొలి మనిషిని చూసింది 1971లో, లండన్‌లో. అంతవరకు తల లోపల సంగతి చెప్పే ముఖ్యమైన కిటికీల్లో కన్ను ఒకటి.

మా నాయన కాలంలో గనిలో దిగేవాళ్ళకు తలనొప్పి అంటే లోపలి వేడి అనేవాళ్ళు. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతు, వేడి అబద్ధం కాదు. జనం భయపడింది ఊపిరితిత్తులకు. కన్ను మసకైతే వయసు అనుకున్నారు. వాళ్ళలో ఎవరికైనా ఇది ఉండిందా అని ఇప్పుడు అడిగి లాభమేముంది, కానీ మాకు ఆ ఆలోచన పోదు.

ఆ బిడ్డకు వెన్నులో నీరు తీసి కొలిస్తే ఒత్తిడి ఎక్కువగా ఉండింది, స్కాన్‌లో గడ్డ లేదు. మాత్రలిచ్చినారు, బరువు తగ్గమన్నారు. తలనొప్పి పోయింది. ఎడమ కంటి పక్కచూపు కొంత పోయింది, అది తిరిగి రాలేదు.

చుక్కలు వేయించుకున్న రోజు స్కూటర్ నడపకండి. వేలూరు పోవాల్సినవాళ్ళు మారికుప్పం బండి ఎక్కి, బంగారుపేటలో మారి, కాట్పాడిలో దిగాలి. ఏ బండి అనేదానికి మమ్మల్ని అడగండి, రిటైరైనా అది మరచిపోలేదు.