అల్ట్రాసౌండ్ సాయంతో ట్రకియాస్టమీ

అల్ట్రాసౌండ్ సాయంతో ట్రకియాస్టమీ అనగా ఇంటెన్సివ్ కేర్ విభాగంలో రోగి మంచం వద్దనే, మెడలోని భాగాలను శ్రవణాతీత ధ్వని తరంగాలతో పరిశీలిస్తూ, మెడ ముందుభాగం నుండి వాయునాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చే చికిత్సా విధానం.

నేపథ్యం

వెంటిలేటర్ అవసరమైన రోగికి మొదట నోటి ద్వారా గొట్టం వేస్తారు. తలకు తీవ్రమైన గాయం, పక్షవాతం, పురుగుమందుల విషప్రభావం వంటి సందర్భాలలో కొందరు చాలా రోజుల వరకు స్వయంగా శ్వాసించలేరు. అటువంటివారికి మెడ వద్ద గొట్టం అమర్చితే కఫం తీయడం, నోరు శుభ్రపరచడం సులభమవుతుంది; మత్తుమందుల అవసరం తగ్గుతుంది. సూది, తీగ, వ్యాకోచకాలతో ఈ రంధ్రం చేసే పద్ధతిని అమెరికా శస్త్రవైద్యుడు పాస్క్వాలే సియాగ్లియా 1985లో ప్రకటించాడు.

విధానం

* రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల క్రింద దిండు ఉంచి మెడను వెనుకకు వాల్చుతారు.
* ప్రోబును మెడపై నిలువుగా ఉంచినప్పుడు క్రికాయిడ్ మృదులాస్థి, దాని దిగువన వాయునాళపు వలయాలు పూసల వరుసవలె కనిపిస్తాయి.
* అడ్డముగా ఉంచి థైరాయిడ్ గ్రంథిని, సూది మార్గంలోని రక్తనాళాలను గుర్తిస్తారు.
* చర్మం నుండి వాయునాళం వరకు లోతు కొలిచి తగిన పొడవు గల గొట్టాన్ని ఎంచుకుంటారు.
* నోటి గొట్టాన్ని కొంత పైకి లాగి, సాధారణంగా రెండవ, మూడవ వలయాల మధ్య సూది గుచ్చుతారు. పిదప తీగను పంపి, రంధ్రాన్ని వెడల్పు చేసి గొట్టం అమర్చుతారు.
* బయటకు వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను గమనించి గొట్టం సరియైన చోట ఉన్నదని నిర్ధారిస్తారు.

ప్రయోజనాలు, పరిమితులు

పొట్టి మెడ, స్థూలకాయం గలవారిలో చేతి స్పర్శతో వలయాలను గుర్తించడం కష్టం. అక్కడ ఈ పద్ధతి మిక్కిలి ఉపయోగకరం. బ్రాంకోస్కోపు సాయంతో చేసే పద్ధతికి ఇది తీసిపోదని 2016లో బ్రెజిల్‌లో 118 మంది రోగులపై వెలువడిన అధ్యయనం తేల్చింది. అయితే ధ్వని తరంగాలు గాలిని దాటి చూపలేవు. కనుక సూది వాయునాళపు వెనుక గోడకు తగిలినా తెరపై తెలియదు. ఆ భాగాన్ని బ్రాంకోస్కోపు మాత్రమే చూపగలదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణం. ప్రభుత్వ వైద్య కళాశాలలు జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రారంభమయ్యాయి. జగిత్యాల నుండి కరీంనగర్ సుమారు 50 కిలోమీటర్లు. వెంటిలేటర్‌పై ఉన్న రోగిని అంత దూరం తరలించడమే ఒక ప్రమాదం. అందుచేత మంచం వద్దనే చేయగల ఇటువంటి పద్ధతులకు చిన్న పట్టణాలలో ప్రాధాన్యం ఎక్కువ.

చట్టపరమైన నిబంధన

మెడను చూచుటకే వాడినప్పటికీ, భారతదేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం పరిధిలోనికి వస్తుంది. యంత్రం ఉన్న ఆసుపత్రి నమోదు తప్పనిసరి. 2012 నిబంధనల ప్రకారం, సంచార వైద్యశాలలు మినహా, చేతితో మోసుకుపోగల యంత్రాన్ని నమోదైన ఆవరణలోనే, అక్కడ చేరిన రోగులకే వాడాలి. కావున ఒక ఆసుపత్రి యంత్రాన్ని అత్యవసరమైనా పొరుగు ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి వీలులేదు.