కాళ్ళ కింద గులాబీలు

సంక్రాంతి నెలలో మన ఇంటికి ఎవరైనా వస్తే, గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగిపోతారు, గమనించారా? వాకిలి నిండా మెలికల ముగ్గో, రథం ముగ్గో పరుచుకుని ఉంటుంది. ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక, మునివేళ్ళ మీద పక్కనుంచి నడిచి వస్తారు. "ఫర్వాలేదు, తొక్కండి. రేపెలాగూ మళ్ళీ పెట్టేదేగా" అంటామే గాని, వాళ్ళలా ఆగడం చూస్తే మనసులో మనకెంత సంతోషం!

సరిగ్గా అలాగే, 1800 ప్రాంతంలో అమెరికాలో ఓ పెద్దమనిషి ఓ ఇంటి గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన్ని ఆపింది ముగ్గు కాదు. నేలమీద పరిచిన రంగుల గుడ్డ. ఆ గుడ్డ కథ కొంచెం ముందునుంచీ చెప్పుకోవాలి.

ఆ రోజుల్లో ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ చాలా ఇళ్ళకి చెక్క నేలలుండేవి. చెక్కమీద జిడ్డు పడితే ఓ పట్టాన వదలదు. తోమిన కొద్దీ చెక్క అరిగిపోతుంది. తివాచీ పరుద్దామంటే అది కలవారి సొమ్ము. అందుకని ముతక కాన్వాసు గుడ్డకి నూనె రంగులు పట్టించి నేలమీద పరిచేవారు. దాన్ని ఫ్లోర్‌క్లాత్ అన్నారు. నేలగుడ్డ అందామంటే మనకి ఇల్లు తుడిచే గుడ్డ గుర్తుకొస్తుంది. ఇది అది కాదు సుమండీ!

దాని తయారీ ఆషామాషీ వ్యవహారం కాదు. తెరచాపలకి వాడేలాంటి దళసరి గుడ్డని చట్రానికి బిగలాగి కట్టాలి. జిగురు పట్టించాలి. రాయితో రుద్ది నున్నగా చెయ్యాలి. ఆపైన అవిసె నూనెలో కలిపిన రంగు, పూత మీద పూత వెయ్యాలి. ఒక్కో పూతా పూర్తిగా ఆరితే గాని రెండోది వెయ్యకూడదు. మనం వడియాలు ఎండబెట్టి సాయంత్రానికి తీసేసినట్టు కుదరదు. మంచి గుడ్డ ఆరడానికి నెలలు పట్టేది. చివర్న నగిషీ. కొందరు చేత్తో వేసేవారు, కొందరు కత్తిరించిన అట్టమీద నుంచి రంగు అద్దేవారు, కొందరు చెక్క అచ్చులు వాడేవారు. రంగుకో అచ్చు. మన బందరు అద్దకం చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఇన్నీ చేశాక దాన్ని మడత పెట్టకూడదు, చాపలా చుట్టాలి. మడిచారో, రంగు పగిలిందన్నమాటే.

లేనివాళ్ళ సరుకనుకునేరు! 1729లో మసాచుసెట్స్ గవర్నరు విలియం బర్నెట్ చనిపోయాక ఆయన ఇంటి సామాను జాబితా రాస్తే, అందులో రంగులు వేసిన కాన్వాసులు కనిపించాయి. 1739లో లండన్‌లో జాన్ కార్విథామ్ అనే ఆయన నేలల నమూనాలతో ఓ పుస్తకమే వేశాడు. నలుపూ తెలుపూ గళ్ళు, చలువరాతి పలకల్లాంటివి. రాయి కొనగలిగినవాళ్ళు రాయి పరుచుకోవచ్చు, లేనివాళ్ళు అదే నమూనా గుడ్డమీద వేయించుకోవచ్చు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కూడా భోజనాల గదిలో ఆకుపచ్చ రంగు వేసిన కాన్వాసు పరిపించాడు. కింద ఉన్న మంచి నేలమీద జిడ్డు పడకూడదనీ, దాన్ని పదేపదే తోమే బాధ ఉండకూడదనీ. నేల తోమే కష్టం అధ్యక్షుడికి కూడా తెలిసిందంటే ముచ్చటగా లేదూ?

ఇక ఆ గుమ్మంలో ఆగిన పెద్దమనిషి దగ్గరికి వద్దాం.

న్యూయార్కుకి దూరంగా, సముద్రం ఒడ్డున ఈస్ట్ హాంప్టన్ అనే ఊరు. అక్కడి చర్చి పాస్టరు లైమన్ బీచర్, ఆయన భార్య రొక్సానా. 1799లో పెళ్ళయింది. ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ తివాచీ అన్నది లేదు. అందరిళ్ళల్లోనూ నేలమీద ఇసక చల్లడమే. (ఆ కాలంలో అమెరికాలో కొందరు ఇల్లాళ్ళు ఆ ఇసక మీదే చీపురుతో గీతలూ మెలికలూ దిద్దేవారట. ముగ్గు మన సొత్తే అనుకుంటామా?)

ఓ చుట్టం ఇచ్చిన డబ్బుతో లైమన్ పత్తి బేలు ఒకటి కొనుక్కొచ్చాడు. రొక్సానా ఆ పత్తి వడికింది. నేతకిచ్చి గుడ్డ నేయించింది. అటక మీద నేలకి మేకులతో కొట్టి బిగించింది. న్యూయార్కు నుంచి రంగులు తెప్పించి, తనే నూరుకుంది, తనే కలుపుకుంది. ఇంటిపని మధ్య వీలు చేసుకుని అటకెక్కి బొమ్మలు వేసేది. చుట్టూ అంచు, మధ్యలో గులాబీల గుత్తులూ, రకరకాల పూలూ. పూర్తయ్యాక తెచ్చి ముందుగదిలో పరిచింది.

ఓరోజు చర్చి పెద్ద ఒకాయన వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని లైమన్ ఎంత పిలిచినా, దాన్ని తొక్కకుండా రావడమెలా అంటాడు! కాసేపు కళ్ళప్పగించి చూశాడు. చూసి, ఇన్ని సౌఖ్యాలూ ఇక్కడే అనుభవించి పైన స్వర్గం కూడా దక్కుతుందనుకుంటున్నారా అని అడిగాడట.

నవ్వొచ్చే మాటే. కాని నాకెందుకో నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. అక్కడ సౌఖ్యమేముంది చెప్పండి? ఓ పత్తి బేలు, కాసిని రంగులు, ఓ ఇల్లాలి తీరిక లేని చేతులు. కొనుక్కున్న సొగసునీ, కష్టపడి చేసుకున్న సొగసునీ ఒకే గాట కట్టడం లోకానికి అప్పుడూ అలవాటే, ఇప్పుడూ అలవాటే. "ఇంత తీరిక ఎక్కడిదమ్మా నీకు?" అన్న మాట మనలో ఎంతమంది పడలేదు!

తర్వాత ఆ పని ఫ్యాక్టరీలకెక్కింది. స్కాట్లండులోని కర్కాడీలో మైకేల్ నైర్న్ 1847లో పెద్ద ఫ్లోర్‌క్లాత్ ఫ్యాక్టరీ కట్టిస్తే, ఊళ్ళోవాళ్ళు దానికి "నైర్న్ పిచ్చి" అని పేరు పెట్టారు. 1858లో ఆయన పోయాక భార్య కేథరిన్ వ్యాపారం చేతిలోకి తీసుకుంది. పిచ్చి అన్నది కాస్తా ఊరికి అన్నం పెట్టింది. ఇంతలో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషాయన, రంగు డబ్బాలో అవిసె నూనె మీద పాల మీగడలా గట్టిపడిన పొరని చూసి లినోలియం కనిపెట్టాడు. 1863లో పేటెంటు తీసుకున్నాడు. దానికి అవిసె గింజలు రష్యా నుంచీ, మన దేశం నుంచీ వెళ్ళేవి. వెనక వేసే గోనె గుడ్డకి నార మన బెంగాలుది. చవగ్గా, దిట్టంగా ఉన్న లినోలియం ముందు చేత్తో వేసిన కాన్వాసు నిలవలేకపోయింది. ఇటీవలి కాలంలో అమెరికాలో కొందరు కళాకారులు మళ్ళీ సరదాపడి వేస్తున్నారు.

రొక్సానా 1816లో చనిపోయింది. అప్పటికి ఆమె కూతురు హారియట్‌కి అయిదేళ్ళు. పెద్దయ్యాక ఆ పిల్లే "అంకుల్ టామ్స్ కేబిన్" రాసి దేశాన్ని కుదిపేసింది. ముసలితనంలో లైమన్ తన పిల్లలకి తన కథ చెబుతూ, ఈ గులాబీల ముచ్చట కూడా చెప్పాడు. 1864లో అది అచ్చయింది. పేరుమోసిన ఉపన్యాసకుడు ఆయన. అయినా అన్నేళ్ళ తర్వాత కూడా అటక మీద రంగులు నూరిన భార్యని మరిచిపోలేదు.

కాళ్ళ కింద వేసే అందానికి అరగడం తప్పదు. ఆ సంగతి రొక్సానాకి తెలుసు, రోజూ ముగ్గు పెట్టే మనకీ తెలుసు. అయినా వేస్తాం. ఈసారి ఎవరైనా మీ వాకిట్లో ముగ్గు చూసి ఆగితే, వెంటనే "తొక్కండి, ఫర్వాలేదు" అనకండి. ఒక్క క్షణం చూడనివ్వండి.