స్వయంభూ సంఖ్య

ఏ ధన పూర్ణసంఖ్యకు దాని అంకెల మొత్తాన్ని కలిపినా ఫలితంగా రాని సంఖ్యను స్వయంభూ సంఖ్య అంటారు. ఈ భావనను 1949లో భారతీయ గణితవేత్త దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ ప్రతిపాదించాడు. ఆయన నివసించిన ఊరి పేరిట వీటిని దేవ్‌లాలీ సంఖ్యలు అని కూడా వ్యవహరిస్తారు. 100 లోపు ఇవి పదమూడు: 1, 3, 5, 7, 9, 20, 31, 42, 53, 64, 75, 86, 97.

అంకెల కూడిక అనుక్రమం

ఒక సంఖ్యను తీసుకొని, దాని అంకెల మొత్తాన్ని దానికే కలిపితే తరువాతి పదం వస్తుంది. ఇలా ప్రతి పదమూ తన ముందున్న పదం యొక్క అంకెలపై ఆధారపడి ఉంటుంది. 1తో మొదలుపెడితే 1, 2, 4, 8, 16, 23, 28, 38, 49, 62, 70, 77, 91, 101, 103, 107... అని సాగుతుంది. మొదటి ఐదు పదాలు చూసినవారు ఆరవది 32 అని తొందరపడి చెప్పడం సహజం. కాని 16కు 1+6=7 కలుపగా వచ్చేది 23.

ఇందులో 49 నుండి 62 పుట్టింది గనుక 62కు 49 జనక సంఖ్య. జనక సంఖ్య లేనివే స్వయంభువులు. అవి అనుక్రమానికి మొదట మాత్రమే ఉండగలవు, నడుమ ఎన్నడూ రావు. కొన్నింటికి ఒకటి కంటె ఎక్కువ జనకాలుంటాయి. 91+10=101, 100+1=101 కనుక 101కి జనకాలు రెండు. ఇట్టివాటిలో అతి చిన్నది ఇదే. మూడు జనకాలున్న అతి చిన్న సంఖ్య కోసం 10,000,000,000,001 వరకు పోవలసి ఉంటుంది. దాని జనకాలు 10,000,000,000,000, 9,999,999,999,901, 9,999,999,999,892. పాఠకులు కూడి చూసుకోవచ్చు.

ఈ అనుక్రమాలను నదులతో పోల్చవచ్చు. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలిసినట్లు, 7తో మొదలైన అనుక్రమం (7, 14, 19, 29, 40, 44, 52, 59, 73, 83, 94, 107) 107 వద్ద 1వ అనుక్రమంలో కలుస్తుంది. కలిసిన తరువాత రెండింటికీ దారి ఒక్కటే. 5తో మొదలైనది చాలా దూరం వేరుగా ప్రవహించి 620 వద్ద కలుస్తుంది: 607+13=620, 598+22=620. 3, 9లతో మొదలైనవి మాత్రం దీనిలో ఎన్నటికీ కలువవు. సంఖ్యను, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే ఒకే శేషం వస్తుంది. అందువలన 3 గుణిజం నుండి 3 గుణిజమే, 9 గుణిజం నుండి 9 గుణిజమే పుడుతుంది. 3 గుణిజం కానిదాని నుండి 3 గుణిజం పుట్టదు.

గుర్తించే విధానం

2022 స్వయంభువేనా? జనకం N ఉంటే అది 2022 కంటె చిన్నది. అట్టి సంఖ్యల అంకెల మొత్తం అత్యధికంగా 28 (1999కి). కనుక N విలువ 1994కు తగ్గదు. 2022ను 9తో భాగిస్తే శేషం 6. శేషాల నియమం ప్రకారం Nను రెట్టించి 9తో భాగించినా శేషం 6 రావాలి, అనగా N శేషం 3. ఈ హద్దులలో అట్టివి 2001, 2010, 2019 మాత్రమే. అవి వరుసగా 2004, 2013, 2031లను ఇస్తాయి. కనుక 2022 స్వయంభూ సంఖ్యే. 28 సంఖ్యలకు బదులు మూడింటితో పని ముగిసింది.

ఇవి అనంతంగా ఉన్నాయి. 9కి 88 కలిపితే 97, దానికి 808 కలిపితే 905, దానికి 8008 కలిపితే 8913. ఈ వరుసలోనివన్నీ స్వయంభువులే. మొత్తం మీద వీటి సాంద్రత నూటికి సుమారు 9.8. వీటి విస్తరణపై ఇటలీ గణితవేత్త ఉంబెర్టో జానియర్ 1982లో పరిశోధన వ్యాసం ప్రచురించాడు.

కాప్రేకర్

కాప్రేకర్ 1905 జనవరి 17న నేటి మహారాష్ట్రలోని డహాణూలో జన్మించాడు. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, 1930 నుండి 1962 వరకు నాసిక్ సమీపాన గల దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేశాడు. స్నాతకోత్తర పట్టా లేదు. నాలుగంకెల స్థిరాంకం 6174 కూడా ఆయన కనుగొన్నదే. 1975 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ రాసిన తరువాతనే ఆయన పేరు విదేశాలలో విస్తృతంగా తెలిసింది. 1986లో మరణించాడు.

ఇది గణితమేనా?

అంకెల వింతలను గణితంగా లెక్కించనివారున్నారు. జి.హెచ్.హార్డీ 1940 నాటి తన పుస్తకంలో 8712=4×2178, 9801=9×1089 అనే ఉదాహరణలిచ్చి, ఇవి పత్రికల చిక్కుప్రశ్నలకే తగినవని తేల్చాడు. ఆక్షేపణలో పస ఉంది. సంఖ్య మారకపోయినా, రాసే ఆధారం మారితే అంకెలు మారతాయి. పదికి బదులు ఏదైనా బేసి ఆధారంలో రాస్తే బేసి సంఖ్యలన్నీ స్వయంభువులవుతాయి, ఏలననగా అక్కడ సంఖ్యకు దాని అంకెల మొత్తం కలిపితే ఎల్లప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. అయితే ఈ వాక్యం ఒక వింత కాదు, సిద్ధాంతం. ఆధారం ఏదైనా దాని స్వయంభువుల గురించి ఇట్టి ప్రశ్న వేయవచ్చు. కనుక హార్డీ తీర్పు ఆయన చూపిన రెండు సంఖ్యలకు తగినంతగా దీనికి తగదు.

అంకెలపై ఆసక్తి మనకు కొత్త కాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 12345679×9=111111111 వంటి, ఎటునుండి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను హారాలతో పోల్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితముగా తెనిగించాడు. అయితే అక్కడ ఉన్నవి విడివిడి లబ్ధాలే గాని అనుక్రమాలు కావు.

ప్రధాన సంఖ్యలు కూడా అయిన స్వయంభువులు 3, 5, 7, 31, 53, 97, 211, 233 అని మొదలవుతాయి. నీల్ స్లోన్ 1964లో ప్రారంభించిన పూర్ణసంఖ్యా అనుక్రమాల సంకలనంలో స్వయంభూ సంఖ్యల క్రమసంఖ్య ఏ003052, 1తో మొదలయ్యే కూడిక అనుక్రమానిది ఏ004207.