ఆహార డైరీ

ఆహార డైరీ అంటే రోజంతా తిన్నవీ తాగినవీ పరిమాణం, వేళలతో సహా అప్పటికప్పుడు రాసుకునే పుస్తకం. బరువు తగ్గే పద్ధతుల్లో స్వీయ పర్యవేక్షణ సాధనం. అమెరికాలో దాదాపు 1,700 మందిపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ రాసినవారు అసలు రాయనివారికంటే సుమారు రెట్టింపు బరువు తగ్గారు. తెలుగువారి భోజనాన్ని లెక్కగట్టడానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన 528 ఆహారాల పోషక విలువల పట్టికలు ఆధారం. వరి అన్నమే ప్రధానాహారమైన గుడ్లవల్లేరు, గుడివాడ, బందరు ప్రాంతంలో “భోజనం” అని ఒక్కమాట రాస్తే చాలదు, “మధ్యాహ్నం 1.00, అన్నం 2 కప్పులు, ముద్దపప్పు 1 కప్పు, నెయ్యి 1 చెంచా, ఆవకాయ” అని ఉండాలి. 5 గ్రాముల నెయ్యికే సుమారు 45 కిలోకాలరీలు. మారు వడ్డన, టీలో పంచదార, ఎవరో చేతిలో పెట్టిన బందరు లడ్డూ రాతకెక్కకపోవడం తరచు కనిపించే లోపం.