ఫ్లాపీ డిస్కు: తప్పు ఎవరిది?



పాత కంప్యూటరు ఒక ఫ్లాపీ డిస్కును చదువజాలనని మొరాయించినప్పుడు, తప్పు డిస్కుదా, యంత్రముదా? ఈ ప్రశ్నకు తొందరపడి తీర్పు చెప్పి, నేనొకప్పుడు సంవత్సరపు లెక్కలను పోగొట్టితిని. ఆ తీర్పులోని లోపమును నేడు మీకు మనవి చేయుదును.

ఫ్లాపీ డిస్కనగా ఇనుపతుప్పు వంటి అయస్కాంతపు పూత గల పలుచని బిళ్ళ. అమెరికాలోని ఐ.బి.యం. సంస్థవారు 1971లో ఎనిమిది అంగుళముల బిళ్ళను అమ్మకమునకు తెచ్చిరి. 1976లో షుగార్ట్ సంస్థవారు అయిదుంబావు అంగుళముల దానిని తెచ్చిరి. తరువాత 1980ల తొలినాళ్ళలో జపానులోని సోనీ సంస్థవారు మూడున్నర అంగుళముల దానిని గట్టి డొప్పలో అమర్చిరి.

క్రొత్త బిళ్ళ బీడుభూమి వంటిది. యంత్రము దానిపై గుండ్రని చాళ్ళు తీసి, ఒక్కొక్క చాలును మళ్ళుగా విభజించి, ప్రతి మడికిని ఒక సంఖ్య నిచ్చును. దీనినే ఫార్మాటు చేయుట యందురు. అన్నిటికంటె వెలుపలిది సున్న చాలు. ఏ దస్త్రము ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక అచ్చటనే మొదలగును. కావున సున్న చాలు చెడినచో బిళ్ళ పనికిరాదని యంత్రము చెప్పుట న్యాయమే. తక్కిన చోట్ల మచ్చలున్నచో, వానిని గుర్తించి విడిచిపెట్టును.

ఇక చిక్కు వచ్చిన విధము వినుడు. ఐ.బి.యం. వారి 1981 నాటి చిన్న కంప్యూటరు బిళ్ళపై 40 చాళ్ళు తీసెడిది. 1983 నాటికి ఆ బిళ్ళలో 360 కిలోబైట్లు పట్టెను. 1984లో వచ్చిన ఏ.టి. యను యంత్రము అంతే బిళ్ళపై 80 చాళ్ళు తీసి, 1.2 మెగాబైట్లు పట్టించెను. అందులకై దాని వ్రాతముల్లు సగము సన్నగా చేయబడెను.

1989లో నేను పనిచేయు కార్యాలయమున ఈ రెండు యంత్రములును ఉండెను. నా తోటి గుమాస్తా, పాత యంత్రమున లోగడ వాడిన బిళ్ళపై, క్రొత్త యంత్రముతో లెక్కలు వ్రాసి నాకిచ్చెను. పాత యంత్రము వానిని చదువజాలకపోయెను. బిళ్ళ చెడినదని తలచి, మరల ఫార్మాటు చేయుమని ఆజ్ఞ యిచ్చితిని. వ్రాసినదంతయు తుడిచిపెట్టుకొని పోయెను. అతడు నెల దినములు కాగితములు వెదకి లెక్కలను తిరిగి వ్రాసెను. నన్ను ఒక్క మాటయు అనలేదు. అదియే నన్నెక్కువ బాధించినది.

నిజమునకు బిళ్ళ చెడలేదు. సన్నని ముల్లు వెడల్పైన పాత చాలు నడుమ క్రొత్త వ్రాత వ్రాసెను. ఇరుప్రక్కల పాత వ్రాత మిగిలెను. పాత యంత్రపు వెడల్పైన ముల్లు రెండింటిని ఒక్కసారిగా చదివి తికమకపడెను. ఆ బిళ్ళను వ్రాసిన యంత్రముననే పెట్టియుండినచో లెక్కలు దక్కియుండెడివి. దీనికి ఎదురు చిక్కు కూడ కలదు. 1.2 మెగాబైట్ల బిళ్ళ పూతపై వ్రాయుటకు సుమారు రెట్టింపు అయస్కాంతబలము కావలెను. అట్టి దానిని పాత యంత్రమున ఫార్మాటు చేయబోయినచో తప్పులే వచ్చును.

కావున విచారణ కొక వరుస కలదు. ముందుగా బిళ్ళ ఆ యంత్రమునకు తగినదా, వ్రాయకుండ కాపాడు గాడి మూయబడియున్నదా యని చూడవలెను. పిదప మంచిదని తెలిసిన బిళ్ళను అదే యంత్రమున పెట్టవలెను. అదియు తప్పిన, ముల్లునకు మురికి పట్టెనేమో తుడిపింపవలెను. తరువాత అనుమానపు బిళ్ళను వేఱొక యంత్రమున పరీక్షింపవలెను. ఉభయపక్షముల వాదము వినక పంచాయతీ తీర్పు చెప్పదు గదా!

సోనీవారు 2011లో ఈ బిళ్ళల అమ్మకము నిలిపిరి. అయినను పాత పెట్టెలలో ఎన్నియో లెక్కలు, ఉత్తరములు వీనియందే మిగిలియున్నవి. అట్టిది మీ యింట దొరకినచో, ఫార్మాటు చేయుదునా యని యంత్రము అడిగినంతనే ఔననకుడు. మొదట దానిని వ్రాసిన యంత్రము వంటి దానిని వెదకుడు.